ఐతుకు కూర్చున్న కిటికీ
యువజన పరిచర్య, దైవశాస్త్రం, దినదిన విశ్వాసం: స్మారక ఉపన్యాసం



ఈ సాయంత్రం మనం స్మరించుకుంటున్న మాస్టారు పుస్తకాలు రాయలేదు, మహాసభల్లో ప్రసంగించలేదు. పల్లెటూరి గుడిలో జీవితమంతా సండే స్కూలు నడిపారు. ఆయన హాజరు పట్టీ ఒకటి కుటుంబ సభ్యులు నాకు చూపించారు. మామూలు హాజరు పట్టీల్లో పిల్లల పేర్లు, రాకపోతే సున్నా, అంతే ఉంటుంది. మాస్టారు సున్నా పక్కన ఇంకో గడి గీసుకున్నారు. అందులో కారణాలున్నాయి. ఒకచోట ‘మిరపకాయ కోతకు వెళ్లింది’ అని, ఇంకోచోట ‘చెల్లెలికి జ్వరం, ఎత్తుకుని కూర్చుంది’ అని, మరోచోట ‘చొక్కా ఆరలేదు’ అని ఉంది. వాటి పక్కనే వేరే సిరాతో ‘వెళ్లి చూసి వచ్చాను’ అని రాసుకున్నారు.

నేను చెప్పదలచుకున్న మాటకు ఆ గడే ఆధారం. యవనస్థులను కూడికకు ఎలా రప్పించాలా అని మనం చాలా ఆలోచిస్తున్నాం. వాళ్లు రాలేకపోయిన చోటికి సంఘం ఎలా వెళ్లాలి అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. అలా వెళ్లినచోట వినబడే ప్రశ్నలే మన దైవశాస్త్రానికి ముడిసరుకు. ఈ రెండు మాటలనూ లేఖనం నుంచి, చరిత్ర నుంచి, మన సంఘాల ఇప్పటి బతుకు నుంచి మీ ముందుంచుతాను.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయ పట్టణంలో జరిగిన సంగతి ఒకటుంది. ఆదివారం విశ్వాసులు రొట్టె విరవడానికి మేడగదిలో కూడారు. మర్నాడు బయల్దేరవలసిన పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. గదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయని కూడా లూకా రాశాడు. ఐతుకు అనే యవనస్థుడు కిటికీలో కూర్చున్నాడు. నిద్ర ముంచుకొచ్చి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు.

ఆ రోజుల్లో ఆదివారం సెలవు దినం కాదు. పగలంతా ఎక్కడ చాకిరీ చేసి వచ్చాడో మనకు తెలియదు. ‘వాక్యం చెబుతుంటే నిద్రపోయాడు’ అని లూకా అతణ్ణి ఒక్క మాటైనా అనలేదు. మన సంఘాల్లో ఆ సంగతి జరిగి ఉంటే మొదట వచ్చే మాట అదే కాదా? పౌలు ఏం చేశాడో చూడండి. మాట ఆపాడు. మెట్లు దిగాడు. ఆ కుర్రవాడి మీద పడి కౌగిలించుకున్నాడు. ప్రాణముంది, కంగారుపడకండి అని అక్కడివాళ్లకు ధైర్యం చెప్పాడు. ఆ తరువాత మళ్లీ పైకి వెళ్లి, రొట్టె విరిచి, తెల్లవారే దాకా మాట్లాడాడు. బతికిన కుర్రవాణ్ణి తీసుకొచ్చినప్పుడు అందరికీ కలిగిన ఆదరణ ఇంతా అంతా కాదు.

నా మట్టుకు యువజన పరిచర్యకు ఇంతకంటే మంచి పాఠం ఇంకొకటి దొరకలేదు. కిటికీలో కూర్చున్నవాడు సగం గదిలో ఉంటాడు, సగం బయట ఉంటాడు. మన పిల్లల్లో చాలామంది ఉన్నది అక్కడే. వాళ్లు పడిపోయినప్పుడు ప్రసంగం ఆగుతుందా, బోధకుడు మెట్లు దిగుతాడా అన్నది మొదటి ప్రశ్న. దిగినవాడు మళ్లీ పైకొచ్చి బోధ కొనసాగిస్తాడా అన్నది రెండోది. స్నేహం చాలు, సిద్ధాంతం ఎందుకు అనేవాళ్లకు త్రోయలో జవాబుంది. సిద్ధాంతం చాలు, ఇళ్ల చుట్టూ తిరగడం ఎందుకు అనేవాళ్లకూ అక్కడే జవాబుంది.

చరిత్రలోకి వస్తే, యువజన పరిచర్యలో చాలా భాగాన్ని మొదలుపెట్టింది యవనస్థులే. 1844 జూన్ 6న లండన్‌లో జార్జి విలియమ్స్ మరో పదకొండు మందితో కలిసి వై.ఎం.సి.ఎ. ప్రారంభించినప్పుడు ఆయనకు 22 ఏళ్లు. ఆయన బట్టల దుకాణంలో పనివాడు. తనలాగే పల్లెల నుంచి వచ్చి, పొద్దస్తమానం దుకాణంలో నిలబడి, రాత్రి ఆ పై అంతస్తుల్లోనే పడుకునే కుర్రవాళ్ల బతుకు ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఎండెవర్ సమాజం మన తెలుగు సంఘాల దాకా వచ్చింది. 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. అనే విద్యార్థి సమాజం మన కాలేజీ హాస్టళ్లలో విద్యార్థులే విద్యార్థులకు బైబిలు బోధించే ఒరవడి పెట్టింది. తనకు తెలిసిన బతుకులోకి సువార్త పట్టుకెళ్లినవాడి మాట ఆ గదుల్లో చెల్లింది.

మన నేల మీద ఈ సంగతికి గొప్ప సాక్షి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. బిషప్ కాకముందు ఆయన చాలా ఏళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శి, అంటే యువజన సేవకుడు. ముప్పై దాటిన వయసులో నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కలవరపెట్టింది. మిషనరీల త్యాగాన్నీ ధారపోసిన ప్రాణాలనూ భారత సంఘం మరచిపోదని చెబుతూనే, మాకు కావలసింది స్నేహితులు అని ముఖం మీదే అడిగాడు. ఉపకారం చేసే చేతికీ పక్కన కూర్చునే మనిషికీ ఉన్న తేడా ఆ సభలో ఆయన తేల్చి చెప్పాడు.

ఆ తేడాను ఆయన డోర్నకల్‌లో ఆచరణలో పెట్టాడు. ఆ మేత్రాసనంలో బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వ్యవసాయ కూలీలు. చదువు రానివాళ్లు. చదువు వచ్చాక సేవ చేద్దురుగాని అని ఆయన వాళ్లను ఆపలేదు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సువార్తికుడే అని బోధించాడు, ఆ ప్రమాణం వాళ్ల నోటనే పలికించాడు. కీర్తనలుగా, కథలుగా నోటికి వచ్చిన వాక్యమే వాళ్ల వేదాంత విద్య. నూరేళ్ల కిందట అక్షరం రాని కూలికి సంఘం ఇచ్చిన ఆ గౌరవం, నేడు ఇంజనీరింగ్ చదివే మన పిల్లవాడికి ఇస్తున్నామా? చాలాచోట్ల అతనికి మనం అప్పగించేది కీబోర్డు, ప్రొజెక్టరు, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టే పని. సంఘ కమిటీలో మాట అప్పగించం.

ఇక జర్మనీలో జరిగిన ఒక సంగతి. డీట్రిష్ బాన్‌హోఫర్ పేరు మీలో చాలామంది విన్నారు. హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బుర్గ్ చెరలో ఉరికంబమెక్కిన దైవశాస్త్రవేత్తగా ఆయన్ని ఎరుగుదుం. 25 ఏళ్ల వయసులో ఆయన కుర్రవాళ్ల తరగతి ఒకటి నడిపిన సంగతి అంతగా ఎరగం.

1931 చివర్లో బెర్లిన్ ఉత్తర భాగంలోని జియోన్ చర్చిలో కన్ఫర్మేషన్ తరగతి ఒకటి ఆయనకు అప్పగించారు. సుమారు యాభై మంది పిల్లలు, అందరూ కార్మికవాడల వాళ్లు. అప్పటికి జర్మనీలో నిరుద్యోగుల సంఖ్య అరవై లక్షలకు చేరువవుతోంది. ఆ తరగతిని అదుపు చేయలేక ముసలి పాస్టరుగారు అలసిపోయారు. మొదటిరోజు ఇద్దరూ మెట్లెక్కుతుంటే పై అంతస్తుల నుంచి పిల్లలు చెత్త విసిరారు. గదిలోకి అడుగుపెట్టగానే కొత్తాయన పేరులో మొదటి అక్షరం పట్టుకుని ‘బాన్! బాన్!’ అని అరవసాగారు. ముసలాయన నిరాశతో వెళ్లిపోయారు. బాన్‌హోఫర్ జేబుల్లో చేతులు పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కేక వేయలేదు, బల్ల గుద్దలేదు. కాసేపటికి ముందు వరుసకు మాత్రమే వినబడేంత మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏం చెబుతున్నాడో వినాలని వెనకవాళ్లు తమంతట తామే సద్దుమణిగారు. ఆయన చెబుతున్నది న్యూయార్క్‌లోని హార్లెం కథ. అంతకు ముందు సంవత్సరం అక్కడి నల్లజాతివారి బాప్టిస్టు సంఘంలో ఆయన సండే స్కూలు చెప్పాడు. మీరు వింటే వచ్చేసారి ఇంకొంత చెబుతానన్నాడు.

తరువాత చేసిన పని అంతకంటే పెద్దది. బెర్లిన్‌లో సంపన్నుల పేటలో పెరిగినవాడు, ఆ పిల్లల వాడకు దగ్గర్లోనే గది అద్దెకు తీసుకున్నాడు. తాను లేకపోయినా పిల్లలొస్తే లోపలికి రానివ్వమని ఇంటావిడకు చెప్పి ఉంచాడు. సాయంత్రాలు వాళ్లతో చదరంగం ఆడాడు. ఒక పిల్లవాడు ఆసుపత్రిలో ఉంటే వారంలో రెండు మూడుసార్లు వెళ్లి చూశాడు. కన్ఫర్మేషన్‌కు మంచి బట్టలు కొనుక్కోలేని వాళ్ల కోసం బట్ట తాను కొని కత్తిరించి పంచాడు. ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్లాడు. పనిలేక మౌనంగా కూర్చున్న తండ్రి ముందు, ఇరుకు గదిలో, నోట మాట రాక నిలబడ్డాడు. ఇలాంటి ఇళ్లకు వెళ్లడానికి నేను దైవశాస్త్రం బదులు రసాయనశాస్త్రం చదివినా ఒకటేనేమో అన్న అర్థంలో మిత్రుడికి ఉత్తరం రాశాడు. 21 ఏళ్లకే డాక్టరేటు సిద్ధాంత గ్రంథం రాసినవాడి మాట ఇది. ఆ ఇళ్లకు వెళ్లకపోతే తన చదువుకు ఏం కొదవ ఉందో ఆయనకు తెలిసేదే కాదు. 1932 మార్చి 13న ఆ పిల్లలకు కన్ఫర్మేషన్ జరిగింది. అదే రోజు జర్మనీ అధ్యక్ష ఎన్నికల్లో హిండెన్‌బుర్గ్‌కూ హిట్లర్‌కూ మధ్య పోటీ. వీధిలో దేశం ఎటు పోతోందో తేలుతున్న వేళ, గుడిలో ఆయన ఆ పిల్లల పక్కన ఉన్నాడు.

అంతకు ముందు 1928లో బార్సిలోనాలో శిక్షణలో ఉండగా పదేళ్ల పిల్లవాడు ఏడుస్తూ ఆయన దగ్గరికి వచ్చాడు. పెంచుకున్న కుక్క చచ్చిపోయింది. దాన్ని పరలోకంలో చూస్తానా అని అడిగాడు. దైవశాస్త్ర పరీక్షల్లో లేని ప్రశ్న. చిన్నపిల్లల మాటలే అని నవ్వి పంపేయవచ్చు. ఉందనో లేదనో ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. దేవుడు మనుషులనూ జంతువులనూ చేశాడు, జంతువులను కూడా ప్రేమిస్తాడు, ఒకరినొకరు నిజంగా ప్రేమించుకున్నవాళ్లు ఆయన దగ్గర కలిసే ఉంటారని నమ్ముతాను అన్నాడు. అది ఎలా జరుగుతుందో మనకు తెలియదు అని కూడా చెప్పాడు. ఆ జవాబులో సృష్టి సిద్ధాంతముంది, నిరీక్షణ ఉంది, తెలియనిది తెలియదని ఒప్పుకునే వినయముంది. దైవశాస్త్రం దినదిన విశ్వాసంలోకి దిగితే ఇలా ఉంటుంది.

అదే బాన్‌హోఫర్ యువజన పరిచర్య గురించి కఠినంగా కూడా మాట్లాడాడు. యవ్వన ఉత్సాహాన్ని పరిశుద్ధాత్మ అనుకోవద్దని, సంఘానికి భవిష్యత్తు యువత కాదు, క్రీస్తేనని 1930ల మొదట్లో హెచ్చరించాడు. యువతను ఆరాధించిన రాజకీయం ఆ దేశాన్ని ఎక్కడికి తీసుకుపోయిందో చూశాం. ‘యువతే రేపటి సంఘం’ అని బ్యానర్ల మీద రాసుకునే మనం కూడా ఆ హెచ్చరిక వినాలి. బాప్తిస్మం పొందిన పదహారేళ్ల అమ్మాయి ఈ రోజే సంఘం. ఆమెను రేపటికి వాయిదా వేసే హక్కు మనకు లేదు.

ఇప్పుడు మన గుళ్లకు వద్దాం. పదో తరగతి కాగానే మన పిల్లలు విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతారు. చాలాచోట్ల ఆదివారం ఉదయమూ పరీక్షో స్టడీ అవరో ఉంటుంది. ఆ తరువాత అమీర్‌పేటలో కోచింగ్, హాస్టల్లో ముగ్గురికి ఒక గది, ఉద్యోగమొస్తే నైట్ షిఫ్టు. సొంత సంఘం లెక్కలో వాళ్ల పేరు పక్కన సున్నా పడుతుంది. ఆ సున్నా పక్కన కారణం రాసే గడి మనకు లేదు.

ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం సాక్ష్యాల సమయం గుర్తుచేసుకోండి. వెయ్యికి 980 మార్కులు వచ్చిన అమ్మాయి మైకు ముందుకొచ్చి ప్రభువు కృప అంటుంది. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. వాళ్ల నాన్న కృతజ్ఞత కానుక ఇస్తాడు. అది తప్పని నేను అనను, సంతోషించేవారితో సంతోషించమనే లేఖనం చెబుతోంది. అయితే ఫిజిక్స్‌లో తప్పిన కుర్రవాడు కూడా అదే గుడిలో ఉన్నాడు. అతనూ ప్రార్థన చేశాడు. వాళ్లమ్మ శుక్రవారాలు ఉపవాసం ఉంది. అతనికి మైకు ఇవ్వం. ఇచ్చినా చెప్పడానికి అతనికి మనం మాటలు నేర్పలేదు. ఏ ప్రసంగంలోనూ చెప్పకుండానే ఆ ఉదయం అతనికి ఒక దైవశాస్త్రం నేర్పాం, దేవుడు పాసైనవాళ్ల పక్షాన ఉంటాడని. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికల్లో చదివాం. ఆ ఇళ్లలో ఏ మతం వాళ్లున్నారన్న లెక్క నాకు అక్కరలేదు. ఓడిపోయిన పిల్లవాడు ఏ భయం లేకుండా వచ్చి కూర్చోగల చోటు ఊళ్లో ఒక్కటైనా ఉండాలి. అది గుడి కాకపోతే మరేది?

1518లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదంలో మార్టిన్ లూథర్ రెండు రకాల దైవశాస్త్రవేత్తలను వేరుచేసి చూపించాడు. ఒకడు దేవుణ్ణి మహిమలో, బలంలో, గెలుపులో వెతుకుతాడు. రెండోవాడు శ్రమలోను, సిలువలోను కనుగొంటాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు రెండోవాడే అన్నాడు లూథర్. 1842లో మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చిన నాటి నుంచి లూథరన్ సంఘం మన మధ్య ఉంది. మిగతా సంఘాలవాళ్లం కూడా సిలువను గుడి మీద నిలబెట్టుకున్నాం. సాక్ష్యాల వేళ మాత్రం దాన్ని మరచిపోతున్నాం. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే సుమారు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఒక్క ఆశ మాటైనా లేకుండా. అది కూడా దేవుని వాక్యమే, దాన్ని ఇశ్రాయేలు సంఘం కూడి పాడింది. పరీక్ష తప్పిన మన కుర్రవాడికి ఆ కీర్తన అతనిదే అని చెప్పేవాళ్లు కావాలి.

ఇంకో ప్రశ్న ఉంది, గుళ్లో గట్టిగా అడగడానికి మన పిల్లలు జంకే ప్రశ్న. తెలుగు సంఘాల్లో అధిక సంఖ్యాకులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు చేయలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారినంత మాత్రాన ఊరు వాళ్లను చూసే చూపు మారలేదు. అందుకే స్కాలర్‌షిప్ దరఖాస్తులో మతం అనే గడి దగ్గర పద్దెనిమిదేళ్ల పిల్లవాడి పెన్ను ఆగిపోతుంది. గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ‘నేను అబద్ధమాడుతున్నానా, పాస్టరుగారూ? లేక చట్టం నా చేత ఆడిస్తోందా?’ ఇది అతని విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న, న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా. ఒప్పుకోలు అంటే ఏమిటి, పేదవాడి మీద మోపిన భారానికి దేవుడు ఎవరిని లెక్క అడుగుతాడు అన్న లోతైన దైవశాస్త్రం ఇందులో ఉంది. మన యవనస్థుల కూడికల్లో బైబిలు క్విజ్ పెడతాం, ప్రవచనాల మీద పటాలు గీసి చూపిస్తాం. ఈ గడి గురించి మాత్రం మాట్లాడం. మనం మాట్లాడని చోట పిల్లవాడు దేవుడు కూడా మాట్లాడడని అనుకుంటాడు.

సిద్ధాంతం పలచబడిపోతుందేమోనని పెద్దలు భయపడుతున్నారు. ఆ భయం అర్థం లేనిది కాదు. నాలుగు పాటలు, ఒక ఆట, బిర్యానీ ప్యాకెట్టుతో ముగిసే కూడికలు నేనూ చూశాను. అయితే పలచబడటానికి కారణం పిల్లల ప్రశ్నలు కావు. ఆ ప్రశ్నలకు దూరంగా ఉండటం వల్లనే బోధ పలచబడింది. ఎమ్మాయు దారిలో ఆశలు కూలిపోయి నడుస్తున్న ఇద్దరిని యేసు మొదట ప్రశ్న అడిగాడు. వాళ్ల నిరాశ పూర్తిగా విన్నాడు. ఆ తరువాతే మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనాలూ విప్పి చెప్పాడు. అంత పెద్ద బైబిలు తరగతి వింటుండగా శిష్యుల గుండె మండింది. వినడం ముందుంది కనుకనే ఆ బోధ అంత లోతుకు వెళ్లింది.

చేయవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను. ప్రతి సంఘమూ ఊరు విడిచి వెళ్లిన తన యవనస్థుల పేర్లు రాసుకోవాలి. ఎవరు ఏ హాస్టల్లో, ఏ ఊళ్లో, ఏ షిఫ్టులో ఉన్నారో తెలుసుకోవాలి. నెలకొకసారైనా సంఘం నుంచి ఒక మనిషి వెళ్లి వాళ్లను చూడాలి. ప్రయాణ ఖర్చు సంఘం బడ్జెట్లో వేయాలి, సౌండ్ సిస్టమ్‌కు వేసినట్టే. కన్ఫర్మేషన్, బాప్తిస్మ తరగతుల్లో పిల్లలు తమ ప్రశ్నలు రాసి ఇవ్వాలి, పాఠం అక్కడ నుంచి మొదలవ్వాలి. సాక్ష్యాల సమయంలో ‘ఇంకా జవాబు రాలేదు’ అని చెప్పేవాళ్లకు కూడా చోటివ్వాలి, వాళ్లు చెప్పాక చప్పట్ల బదులు ప్రార్థన చేయాలి. మన వేదాంత కళాశాలల్లో కాబోయే పాస్టర్లు పరీక్ష రాసే ముందు కొన్ని నెలలు విద్యార్థుల హాస్టళ్ల పక్కన కాపురముండాలి. సంఘ కమిటీలో ఇరవై ఐదేళ్లలోపు వాళ్లకు, అందులో అమ్మాయిలకు, ఓటుతో కూడిన స్థానం ఉండాలి. తిమోతి విశ్వాసం తల్లి యునీకే నుంచి, అవ్వ లోయి నుంచి వచ్చిందని పౌలే రాశాడు. మన ఇళ్లలో విశ్వాసం నేర్పుతున్నవాళ్లను కమిటీ గది బయట నిలబెట్టడం ఇక చాలు.

వీటిలో దేనికీ విదేశీ నిధులు అక్కరలేదు, పెద్ద భవనాలు అక్కరలేదు. ప్రసంగం మధ్యలో ఆపగలిగే బోధకుడు కావాలి. ఆపినందుకు ఆయన్ని తప్పుపట్టని సంఘం కావాలి. యవనస్థులారా, మీరు కూడా ఒక పని చేయాలి. మీ పక్కన కిటికీలో కూర్చున్నవాడు ఎవడో మాకంటే మీకే బాగా తెలుసు. పాస్టరుగారు దిగే దాకా ఆగకండి. మీకూ బాప్తిస్మమైంది, మెట్లు మీవి కూడా.